ఆకుపచ్చ సున్నా

ఆ ఎండాకాలం మా అక్క గదికి నెట్టు రప్పించింది నేనే. ఆ మంచిపేరు నాకే వచ్చింది. తర్వాత వచ్చిన పేరు కూడా నాదే, కాకపోతే దాన్ని ఎవరూ పైకి అనలేదు.

మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందు అన్నయ్యవాళ్ళ గది, తర్వాత మాది, ఆ తర్వాత వంటిల్లు. వంటింటి వెనక నాలుగడుగుల పెరడు దాటితే రేకుల గది. అందులో మా అందరికంటే పెద్దదైన అక్క ఉండేది. ఇస్త్రీ చేసేది. రెండు వీధుల చొక్కాలు, హోటలువాళ్ళ దుప్పట్లు, పక్కవీధి నర్సమ్మ తెల్లకోట్లు అన్నీ ఆ గదిలోకి నలిగి వెళ్ళి, నిటారుగా నిలబడి బయటికొచ్చేవి. నేను డిగ్రీ చదివిన మూడేళ్ళూ నా చొక్కాకి ముడత లేదు, ఫీజుకి లోటు లేదు. రెండూ ఆ ఇస్త్రీపెట్టె కిందనుంచే వచ్చాయి.

ఆ ఏడు ఎండలు తొందరపడ్డాయి. కరెంటు బిల్లు వచ్చిన రోజు వదిన గుమ్మంలోనే నిలబడి చదివి, దాన్ని నా భార్య చేతిలో పెట్టింది. ఈ తోడికోడళ్ళిద్దరికీ ఏ విషయంలోనూ పొత్తు కుదరదు. ఒకరు తీసిన కిటికీ ఇంకొకరు వేస్తారు.

"మా ఏసీ కొత్తది. అసలు కరెంటే తాగదని షాపువాడు ఒట్టేసి చెప్పాడు," అంది వదిన.

"మేం మాత్రం పొద్దస్తమానం వేసుకుని కూర్చుంటామా అక్కా? నడుం వాల్చినప్పుడేగా," అంది నా భార్య.

"మరి ఇదంతా ఎవరు తాగినట్టు? పిల్లులా?"

ఇద్దరూ కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఒకేసారి పెరటివైపు తిరిగారు. పదేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం నేను చూడటం అదే మొదటిసారి.

అన్నయ్య ఆఫీసులో గుమాస్తా. చేతిలో కాగితం లేనిదే మాట్లాడడు. "ఊరికే అనుకోవడం దేనికి? నువ్వు అమ్ముతావుగా ఏవో కొలిచేవి. అవి తెచ్చి పెట్టు. ఎవరిది ఎంతో తేలిపోతుంది. అక్కదే ఎక్కువని తేలితే ఆ పని మానెయ్యమని చెబుదాం. వయసు కూడా అయిందిగా," అన్నాడు.

నేను కరెంటు సామాన్ల షాపులో పనిచేస్తాను. మర్నాడే మూడు డబ్బీలు తెచ్చాను. అరచేతిలో పట్టే తెల్లటివి. గోడ సాకెట్టుకి డబ్బీ పెట్టి, డబ్బీకి మన వస్తువు పెడితే చాలు, ఎంత కరెంటు పోతోందో ఎప్పటికప్పుడు ఫోనుకి చేరవేస్తుంది. వీధిలో అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని లెక్కపెట్టే మనిషి ఇంట్లోకే వచ్చి కూర్చున్నట్టు. ఒకటి ఫ్రిజ్‌కి పెట్టాను, ఒకటి టీవీకి. మూడోది అక్క గదికి. ఆ గదిలో గోడకి ఒకే ఒక్క సాకెట్టు. దానికో తీగల బోర్డు వేలాడుతూ ఉండేది. బల్బు, టేబుల్ ఫ్యాను, ఇస్త్రీపెట్టె మూడూ దాని మీదే. అంచేత ఒక్క డబ్బీ పెడితే గది మొత్తం దొరికింది.

"ఏసీల సంగతి?" అని నేనే అడిగాను అన్నయ్యని. "రెండూ గోడలోంచి నేరుగా తీగ లాగి బిగించినవి. వాటికి ఈ డబ్బీలు పనికిరావు. మీటరు దగ్గర బిగించే రకం తెప్పించాలి. వారం పడుతుంది."

"ఏసీలది తెలిసిందేగా. తెలియనిది చూడు ముందు," అన్నాడు.

నేనూ మళ్ళీ ఎత్తలేదు. నా గదిలోనూ ఏసీ ఉంది మరి. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. మా ఇంట్లో దొరలిద్దరూ గోడకి బిగించి ఉన్నారు.

వచ్చిన చిక్కల్లా రేకుల గది దాకా నెట్టు అందకపోవడం. రౌటరు అన్నయ్య గదిలో ఉంది. మధ్యలో మూడు గోడలు, ఓ ఇనప బీరువా. నెట్టు అందకపోతే డబ్బీ మూగదే. అందుకని షాపు నుంచి ఎక్స్‌టెండరు తెచ్చి వంటింటి వెనక కిటికీ దగ్గర పెట్టాను. ముందునుంచి వచ్చే నెట్టుని అందుకుని పెరడు దాటించే పరికరం. దాని నెత్తిమీద ఓ నీలం దీపం.

అక్క దుప్పటి మడతపెడుతూ గదిలోంచి తొంగి చూసింది. "ఏంట్రా చిన్నోడా అది? దోమలకా?"

"నెట్టు అక్కా. నీ గది దాకా రావడం లేదని పెట్టాను."

"నా కోసమా?"

"ఆఁ."

"మరి ఇదేంటి, సాకెట్టుకి తగిలించావు?"

"ఇస్త్రీపెట్టె మాడిపోకుండా కాస్తుంది. దాని స్విచ్చి మాత్రం ఎప్పుడూ ఆపకు."

సగం అబద్ధం చెప్పడం తేలిక. మిగతా సగం దానికి కాపలా ఉంటుంది.

అక్క దగ్గర నర్సమ్మ వాడి వదిలేసిన ఫోను ఉండేది. అందులో అంతదాకా మాట్లాడటం తప్ప ఏం చేసింది లేదు. నెట్టు వచ్చాక బట్టలు మడతపెట్టే వీడియోలు చూడటం మొదలుపెట్టింది. "చిన్నోడా, ఇటు రా! ఈ పిల్ల చొక్కాని మూడంటే మూడు చిటికెల్లో మడిచేసిందిరా! నేనిన్నేళ్ళూ గొడ్డుచాకిరీ చేశాను," అని పడీపడీ నవ్వేది. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో ఆ నీలం దీపం తుడిచేది. చొక్కాలకి వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేది. "మా చిన్నోడు నా కోసం పెట్టించాడు. ఇంజనీర్లు కూడా వాడినే అడిగి వెళ్తారు," అనేది. నేను ఇంజనీరునీ కాదు, నన్నెవరూ అడగరు.

డబ్బీల సంగతి చూడటానికి ఫోన్లో ఒక యాప్. అన్నయ్య, వదిన, నేను, నా భార్య, నలుగురం పెట్టుకున్నాం. ఒక్కో డబ్బీకి ఒక్కో గడి. కరెంటు బాగా లాగుతుంటే గడి ఎరుపు. కాస్త లాగుతుంటే పసుపు. ఏమీ లాగకపోతే ఆకుపచ్చ, మధ్యలో సున్నా. నెట్టు తెగిపోతే మాత్రం గడి బూడిదరంగుకి తిరిగి, అంకె ఉండాల్సిన చోట ఓ అడ్డగీత పడుతుంది. బూడిదరంగు అంటే తెలియదు అని. ఆకుపచ్చ అంటే తెలుసు, ఏమీ వాడటం లేదు అని. షాపుకొచ్చే ప్రతి గిరాకీకీ ఈ తేడా నేనే విడమరిచి చెబుతాను.

వారం తిరక్కుండా అది ఇంటిల్లిపాదికీ ఆటైపోయింది. అన్నం కలుపుతూ ఎడమచేత్తో ఫోను చూసేవాళ్ళం. "ఎర్రబడింది" అనేవారు ఒకరు. "ఇంకా ఎర్రగానే ఉందా?" అనేవారు ఇంకొకరు. క్రికెట్టు స్కోరు అడిగినట్టు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేం తింటూ ఉంటే అక్క చెంబుతో మంచినీళ్ళకి వచ్చింది. వదిన తల ఎత్తకుండానే అంది, "నిన్న పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఎర్రగా మండిపోయింది. హోటలు దుప్పట్లా వదినగారూ?"

అక్క ఆగింది. "నీకెలా తెలుసు?"

"ఫోన్లో పడుతుందిగా." వదిన మంచి మనసుతోనే ఫోను ఇటు తిప్పి చూపించింది. "ఇదిగో ఇది ఫ్రిజ్, ఇది టీవీ. ఇది మీరు."

గడి మీద 'వెనకగది' అని ఉంది. పేరు పెట్టింది నేనే. అక్క దాన్ని వేలితో తాకి చూసింది, బట్ట వేడెక్కిందో లేదో చూసినట్టు. తర్వాత నావైపు తిరిగింది. నేను కంచంలో మెతుకులు ఏరుకుంటున్నాను.

"అయితే ఆ నీలం దీపం..." అంది.

"నీకు నెట్టు కూడా వస్తుందిగా అక్కా," అన్నాను.

ఇక దాచడం దేనికన్నట్టు అన్నయ్య జేబులోంచి కాగితం తీశాడు. "తప్పుగా అనుకోకు అక్కా. ఈ కనబడే లెక్కలో సగం పైన నీ గదిదే. నీకు మేం ఏం తక్కువ చేస్తాం చెప్పు? ఈ వయసులో ఆ వేడిలో నిలబడటం ఎందుకు?"

"మానెయ్యమంటావు."

"నెమ్మదిగానే."

"మానేసి?"

ఫ్రిజ్ గుర్రుమంది.

"మానేసి ఏం చెయ్యనురా పెద్దోడా? మీరు పెట్టింది తిని, మీరు దాటే గడపలా పడి ఉండనా?" గొంతు పెంచలేదు. చెంబు నింపుకుని వెళ్తూ వెనక్కి తిరిగింది. "మీ బాధ కరెంటుతోనేనా, నా ఇస్త్రీతోనా?"

"అయ్యో, కరెంటుతోనే," అంది వదిన.

"సరే అయితే."

మర్నాడు పొద్దున నేను షాపుకి బయల్దేరుతుంటే అక్క నిచ్చెన వేసుకుని అటక మీంచి ఏదో లాగుతోంది. మా అమ్మ వాడిన బొగ్గుల ఇస్త్రీపెట్టె. మసిపట్టి, గుమ్మడికాయంత బరువు.

"చిన్నోడా, ఆ కరెంటు పెట్టె తీసేస్తే నీ ఫోన్లో ఏం పడుతుంది?"

"సున్నా పడుతుంది."

"అది మంచిదేనా?"

"చాలా మంచిది," అన్నాను. నిజంగానే అన్నాను. గొడవ తీరిపోయిందన్న సంతోషం నాది.

బొగ్గుల పెట్టెతో పని తీరే వేరు. నిప్పులు పెరట్లో రాజేసి, పెట్టెలో నింపి, గదిలోకి తీసుకెళ్ళాలి. ఫ్యాను వెయ్యకూడదు. గాలి తగిలిందంటే పెట్టె కంతల్లోంచి బూడిద లేచి తెల్లబట్ట మీద వాలుతుంది. మధ్యాహ్నం వడగాలి వీస్తుంది కాబట్టి తలుపు, కిటికీ కూడా మూసుకోవాలి. మా అమ్మ చల్లపొద్దున, వసారాలో చేసేది. అక్కకి అన్ని బట్టలు పొద్దున్నే తెమిలేవి కాదు. వసారాలో ఇప్పుడు అన్నయ్య మోటారుసైకిలు ఉంటుంది.

ఇవన్నీ మాకు తెలియనివి కావు. అక్క వేళ్ళు నల్లబడటం చూశాం. పెరట్లో బొగ్గుల బస్తా చూశాం. నా భార్య ఒకరోజు అననే అంది. "ఆ తలుపెందుకు వేసుకుంటారో! ఉడికిపోరూ?"

"బూడిద పడితే నర్సమ్మ ఊరుకుంటుందా మరి?" అన్నాను.

"అదీ నిజమేలే. మొత్తానికి దారికొచ్చారు."

వెనకగది గడి పగలంతా ఆకుపచ్చగా ఉండసాగింది. సాయంత్రం బల్బు వేస్తే కాసేపు పసుపు, అంతే. అక్క వీడియోలు చూడటం మానేసింది. ఫోను ఛార్జింగు కూడా నర్సమ్మ ఇంట్లో పెట్టుకుంటోందని నాకు చాలా తర్వాత తెలిసింది. నీలం దీపం మీద దుమ్ము పట్టింది. ఎవరూ తుడవలేదు.

షాపులో ఈ సున్నా నాకు బాగా పనికొచ్చింది. కంపెనీవాళ్ళిచ్చిన రంగుకాగితం చూపిస్తే గిరాకీ నమ్మడు. సొంత ఇల్లు చూపిస్తే నమ్ముతాడు. "చూడండి సార్, ఇది మా ఇల్లే. ఇది వెనకగది. పోయిన నెల ఈ ఎర్రగీతలు చూశారా? ఇప్పుడు చూడండి." అలా చెప్పి నాలుగు సెట్లు అమ్మాను. ఓనరు నా భుజం తట్టాడు.

ఎండలు నెత్తి మాడ్చే రోజుల్లో ఒక మధ్యాహ్నం, రెండున్నర దాటి ఉంటుంది, గొడుగు మడుచుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు. ఏదీ ఊరికే ఒప్పుకునే రకం కాదు. నా ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఈ సున్నా ఏంటి?"

"వాడకం లేదనండీ. ఎక్కడి కరెంటు అక్కడ మిగిలినట్టు."

"ఆ గదిలో ఎవరూ ఉండరా?"

"ఉంటారండీ. మా అక్క."

"ఇప్పుడు ఉన్నారా?"

"ఉందండీ. పనిలో ఉంటుంది."

ఆయన వాకిట్లోకి చూశాడు. రోడ్డు మీద తారు మెరుస్తోంది. కుక్క ఒకటి మా షాపు మెట్టు నీడలో నాలుక వేలాడేసి పడుకుని ఉంది. "ఈ ఎండకి ఫ్యాను కూడా వేసుకోరా?" అన్నాడు.

నేను ఫోను తీసుకుని చూశాను. "నెట్టు పోయి ఉంటుంది లెండి సార్. ఒక్కోసారి అంతే," అన్నాను.

గడి ఆకుపచ్చగానే ఉంది.

ఆయన రెండు డబ్బీలు, ఒక ఎక్స్‌టెండరు తీసుకున్నాడు. వారంటీ కాగితం నింపాను. ఎలా బిగించాలో చెప్పాను. రెండోసారి కూడా చెప్పాను. ఆటో పిలిచి ఎక్కించాను. అంతా కలిపి ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది. తర్వాత ఇంటికి ఫోను చేద్దామని జేబులో చెయ్యి పెడుతుంటే, నా భార్య దగ్గర్నుంచే ఫోను వచ్చింది.

తలుపు తోసింది నర్సమ్మ. డ్యూటీకి వెళ్తూ కోట్ల కోసం వచ్చి, పిలిస్తే పలక్కపోతే భుజంతో తోసిందట. అక్క బల్ల కింద పడి ఉంది. ఇస్త్రీపెట్టె కోటు మీద బోర్లా పడింది. అక్క ఎడమచెయ్యి దాని కింద ఉంది. నా భార్యా, వదినా ముందువైపు, చెరో ఏసీ గదిలో తలుపులు వేసుకుని నిద్రపోతున్నారు. నర్సమ్మ కేకలు వాళ్ళకి వినపడటానికి కొంత సేపు పట్టింది.

ఆసుపత్రి వరండాలో నర్సమ్మ నన్ను పక్కకి పిలిచింది. పొట్టి మనిషి. తల ఎత్తి చూడాల్సింది తనే అయినా, ఆవిడే పైనుంచి చూస్తున్నట్టుంది.

"మీ ఇంట్లో కరెంటు లేదా అండీ?"

"ఉందండీ."

"మరి ఫ్యాను?"

"ఉందండీ."

"మూసిన గదిలో బొగ్గు వదిలే విషపుగాలికి వాసన ఉండదు, తెలుసా? నిద్రొస్తోంది అనుకుంటుంది మనిషి. అంతే. ఇంకో పావుగంటైతే నేను కోట్లు కాదు మోసుకెళ్ళేది." ఆవిడ చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. "పొద్దున్నే మీ అక్క నా దగ్గర ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి వస్తుంటే, మీ ఇంట్లో సాకెట్టు పాడైందనుకున్నాను."

అక్క కళ్ళు తెరిచాక అడిగిన మొదటి మాట, "కోటు కాలిందా?"

మేం నలుగురం వరండాలో బెంచీ మీద వరసగా కూర్చున్నాం. నాలుగో రోజు అనుకుంటా, నెలాఖరు. నా జేబులో ఫోను టింగుమంది. అదే క్షణంలో అన్నయ్యదీ, వదినదీ, నా భార్యదీ. నలుగురం ఒకేసారి తీసి చూశాం. యాప్ నుంచి వచ్చింది. పువ్వుల బొమ్మ, దాని కింద అక్షరాలు. 'అభినందనలు! ఈ నెల వెనకగది అద్భుతంగా పొదుపు చేసింది.'

ఎవరి ఫోను వాళ్ళు లోపల పెట్టేసుకున్నాం. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

ఆసుపత్రి నుంచి అక్క మా ఇంటికి రాలేదు. చెయ్యి కట్టుతోనే నర్సమ్మ ఇంటికి వెళ్ళింది. వాళ్ళకి రెండు వైపులా తెరిచిన వసారా ఉంది. నేను మూడు వారాలు ఆగి వెళ్ళాను. అప్పటికి కట్టు విప్పేశారు. కరెంటు ఇస్త్రీపెట్టె కుడిచేత్తోనే తోస్తోంది. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఎడమచెయ్యి మోచేతి దాకా గులాబీరంగు తోలు, ముడతలు పడి. దాన్ని ఏ పెట్టే సాపు చెయ్యలేదు.

"ఇంటికి రా అక్కా."

"చొక్కా విప్పు. కాలరు నలిగింది."

విప్పి ఇచ్చాను. పరాయివాళ్ళ వసారాలో బనీనుతో కూర్చున్నాను.

"ఆ డబ్బీ తీసేస్తాను. ఈ రోజే తీసేస్తాను."

"దాని తప్పేముందిరా? అది ఉన్నదున్నట్టు చెప్పింది." కాలరు మీద నీళ్ళు చిలకరించింది. "నువ్వే, నా కోసం అన్నావు. వీధంతా చెప్పుకున్నాను."

నేను బనీను అంచు కిందికి లాక్కున్నాను.

"పెద్దోడంటే కాగితం మనిషి. వాడికి తెలియదు. ఆ సున్నా ఏంటో నీకు తెలుసు కదరా చిన్నోడా. తెలుసా, తెలియదా?"

"తెలుసు."

ఇస్త్రీ చేసిన చొక్కా మడతపెట్టి చేతికిచ్చింది. అంతదాకా నా చొక్కా ఎప్పుడూ తనే నాకు తొడిగేది.

తర్వాతి బిల్లు వచ్చింది. వెనకగది సున్నా పడిన నెల బిల్లు. అంతకు ముందు నెల కంటే ఎక్కువే ఉంది. అన్నయ్య కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు, తిప్పి చూశాడు. "మీటరులోనే ఏదో తేడా ఉంది," అన్నాడు. వదినా, నా భార్యా అలవాటుగా పెరటివైపు తిరిగారు. అక్కడ ఎవరూ లేరు. ఇక చేసేది లేక ఒకరివైపు ఒకరు తిరిగారు. ఆ తిరగడం తిరగడం వానలు పడేలోపు వేరు మీటర్లయ్యాయి, వేరు పొయ్యిలయ్యాయి, వంటింటి మధ్య ఓ చెక్కగోడ కూడా లేచింది. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అంటారు. మొత్తడానికి మెత్తనిది లేకపోతే గట్టివాళ్ళు ఒకరినొకరు మొత్తుకుంటారు.

రేకుల గది పంచుకోవడానికి మాత్రం ఎవరూ ముందుకి రాలేదు. డబ్బీ తీసేస్తానన్నాను గానీ తియ్యలేదు. స్విచ్చి ఎప్పుడూ ఆపకు అని నేను చెప్పిన మాట, అక్క వెళ్ళాక కూడా అలాగే నిలిచి ఉంది.

ఇప్పటికీ షాపుకి గిరాకీ వస్తే ఫోను తీసి చూపిస్తాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ విడమరిచి చెబుతాను. కొందరు ఆ సున్నా దగ్గర ఆగుతారు. "ఇదేంటండీ, ఆ గదిలో ఎవరూ ఉండరా?" అంటారు.

"ఉండరండీ," అంటాను.